ఎంవీ కొట్టాక ఫైల్ ఎటు పోయింది?

కొత్తపిట్ట:
అన్నా, ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) కొత్తగా వేసుకున్నా, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) నేర్చుకుంటున్నా. ఫైల్‌ని జరిపే ఎంవీ (mv) కమాండ్‌తో 'ఎంవీ నోట్స్.టీఎక్స్‌టీ బ్యాకప్' అని కొట్టాను, ఎర్రర్ ఏం రాలేదు, సరే బ్యాకప్ ఫోల్డర్‌లోకి పోయింది అనుకున్నా. ఇప్పుడు ఆ ఫోల్డర్‌లోకి వెళ్దామని 'సీడీ (cd) బ్యాకప్' అంటే నాట్ ఎ డైరెక్టరీ, అంటే అది ఫోల్డర్ కాదు అంటోంది. ఏమేం ఉన్నాయో చూపించే ఎల్ఎస్ (ls) కొడితే బ్యాకప్ అని కనిపిస్తూనే ఉంది మరి, నోట్స్ మాత్రం లేవు. ఏం జరిగింది?

షెల్‌బాబు:
బ్యాకప్ ఫోల్డర్ ముందే చేసుకున్నావా? లేదంటే అదే సంగతి. ఎంవీ రెండు పనులు చేస్తుంది, అవతల ఆ పేరుతో ఫోల్డర్ ఉంటే ఫైల్‌ని అందులోకి తోస్తుంది, లేకపోతే ఫైల్ పేరే మార్చేస్తుంది. నీ నోట్స్‌కి ఇప్పుడు పేరు బ్యాకప్, అంతే. 'ఎల్ఎస్ -ఎల్' కొట్టి చూడు, ఆ లైన్ మొదట్లో డి ఉంటే ఫోల్డర్, చిన్న గీత ఉంటే మామూలు ఫైల్. 'ఎంవీ బ్యాకప్ నోట్స్.టీఎక్స్‌టీ' అని పేరు వెనక్కి మార్చేసి, తర్వాత 'ఎంకేడిర్ (mkdir) బ్యాకప్' అని కొత్త ఫోల్డర్ చేసుకుని అప్పుడు పంపు.

కొత్తపిట్ట:
గీతే ఉంది అన్నా. కానీ దాని తర్వాత మార్క్స్.టీఎక్స్‌టీ కూడా అలాగే పంపేశా...

షెల్‌బాబు:
అయ్యో. అయితే మొదటిదాని మీద రెండోది కూర్చుంది. ఫైల్‌లో ఏముందో చూపించే 'క్యాట్ (cat) బ్యాకప్' కొట్టు, మార్కులే వస్తాయి చూడు. ఎంవీ అడగదు, ట్రాష్‌లోనూ వేయదు.

రూట్‌రాజు:
ఇకనుంచి ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెట్టి 'బ్యాకప్/' అని కొట్టండి, ఫోల్డర్ లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, ఫైల్ ఉన్నచోటే ఉంటుంది. పేరు రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కినా చాలు, నిజంగా ఫోల్డర్ ఉంటే స్లాష్ దానంతట అదే వస్తుంది, నేనైతే పేర్లు పూర్తిగా టైప్ చేయడమే మానేశా. 'ఎంవీ -ఐ' అంటే ఉన్న ఫైల్ మీద రాసేముందు అడుగుతుంది, ఫైల్ కాపీ చేసే సీపీకి (cp) కూడా ఇదే -ఐ పనిచేస్తుంది. ఫైళ్లు తీసేసే ఆర్ఎం (rm) దగ్గర మాత్రం ఇంకా జాగ్రత్త, స్టార్ (*, అంటే ఏ పేరైనా) పెట్టి తీసేముందు అదే స్టార్‌తో ఒకసారి ఎల్ఎస్ కొట్టి ఏమేం పోతాయో కళ్లారా చూసుకోండి. ఇంకోటి, ఫైల్ పేర్లలో స్పేస్ పెట్టకండి బాబూ, షెల్ (మనం కొట్టిన కమాండ్లు చదివే ప్రోగ్రామ్) దాన్ని రెండు పేర్లు అనుకుంటుంది, తప్పదంటే కోట్స్‌లో పెట్టండి.

కొత్తపిట్ట:
క్యాట్ కొట్టా, మార్కులే వచ్చాయి 😭 నోట్స్ పోయిన వారం ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో పంపినట్టు గుర్తు, అడుగుతా.