విడాకులు వద్దు, విడిగా ఉండాలి. జ్యుడీషియల్ సెపరేషన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

నమస్కారం అండి, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అక్కకి పెళ్ళయి 11 ఏళ్ళు, పాప ఉంది. బావ తాగొచ్చి కొడుతున్నాడని సంక్రాంతికి వచ్చింది, మళ్ళీ వెళ్ళలేదు. వచ్చిన రోజు చేతికి వాచిన చోట అమ్మ కొబ్బరి నూనె రాస్తుంటే కూడా ఏం మాట్లాడలేదండి, పాప స్కూల్ బ్యాగ్ మాత్రం ఒళ్ళోంచి వదల్లేదు. విడాకులు అంటే వద్దంటుంది, అలాగని ఆ ఇంటికి పంపడం మా వల్ల కాదు.

లాయర్ గారు 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 10 కింద జ్యుడీషియల్ సెపరేషన్ వేయొచ్చు, క్రూరత్వం కారణం సరిపోతుంది, పెళ్ళి రద్దవదు గానీ కలిసి ఉండక్కర్లేదు అన్నారు. ఇద్దరూ మళ్ళీ పెళ్ళి మాత్రం చేసుకోకూడదంట.

నా భయం ఏంటంటే డిక్రీ (కోర్టు తీర్పు) వచ్చాక ఏడాది పాటు మళ్ళీ కలిసి ఉండకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చంట కదా, అంటే తప్పు చేసిన బావే రేపు ఆ రూల్ వాడుకుని అక్కని వదిలించుకుంటాడా? కోర్టు ఒప్పుకుంటుందా? ఇంకోటి, కేసు నడుస్తుండగానే సెక్షన్ 24 కింద ఖర్చులు అడగొచ్చన్నారు, బావ వాళ్ళకి జీతం లేదు, అంతా కొబ్బరి దింపు డబ్బులు, చేపల చెరువు లీజు, అవి చేతికే వస్తాయి, ఆదాయం ఎలా చూపించాలి?

ఇలా డిక్రీ తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఎన్నాళ్ళు పట్టిందో, పాప విషయం ఎలా తేలిందో చెప్పండి. ఊళ్ళో అడిగితే సర్దుకోమంటున్నారండి, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.