మైసూరు దసరా కుస్తీలకు విజయనగరం నుంచి కారులో వెళ్లి, సిరిమాను నాటికి తిరిగి రాగలమా?

ప్రశ్న: మూడులాంతర్లు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా మావయ్యగారికి ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. వయసులో ఉండగా తాలింఖానాలో (వ్యాయామశాలలో) దండీలు, బస్కీలు తీసి, పండుగ పందేల్లో గోదాలోకి దిగిన మనిషి. కోడి రామ్మూర్తి నాయుడు గారు మన ఊళ్లోనే వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసిన సంగతినీ, ఛాతీకి చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి బిగించి తెంచిన సంగతినీ ఆయన దగ్గరుండి చూసినట్టే చెబుతారు. నాయుడు గారు 1942లోనే కాలం చేశారు కనుక అవన్నీ వాళ్ల నాన్నగారి నోట విన్న ముచ్చట్లే.

ఇక పదహారేళ్ల మా అబ్బాయికి కుస్తీ అంటే టీవీలో వచ్చే డబ్ల్యూడబ్ల్యూఈ. 2023 సెప్టెంబరు 8న ఆ సంస్థ హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రదర్శన ఇచ్చినప్పుడు జాన్ సీనాను చూడాలని పట్టుబట్టి నన్ను అంతదూరం తీసుకువెళ్లాడు. అది చూసి వచ్చిన దగ్గరనుంచి తాతామనవళ్ల మధ్య రోజూ వాదనే. ముందుగా రాసుకున్న నాటకాన్ని కుస్తీ అనవద్దని తాతగారూ, మట్టిలో పొర్లేదాన్ని ఇప్పుడెవరు చూస్తారని మనవడూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు. అందుకని ఈ దసరాకు ఇద్దరినీ వెంటబెట్టుకుని, మైసూరులో వారం పాటు జరిగే దసరా కుస్తీలకు కారులో వెళ్లాలని అనుకుంటున్నాను. బండి నడపడానికి నేనూ, మా తమ్ముడూ ఉంటాము.

నా సందేహాలు ఇవి. దారిలో ఎక్కడెక్కడ ఆగితే పెద్దాయనకు శ్రమ తగ్గుతుంది? విజయదశమి నాడు మల్లులు వేళ్లకు ఆయుధం తొడుక్కుని తలపడే వజ్రముష్టి పోరు కూడా చూసి, మరుసటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి ఇంటికి చేరగలమా? సిరిమాను ముందురోజు, తొలేళ్లనాటికే మా ఇంటికి చుట్టాలు దిగుతారు కాబట్టి ఆ రోజు లేకపోతే నాకు ఇంట్లో మాట దక్కదు. అంతదూరం వెళ్తున్నాము కదా, కుస్తీలకు పేరుపడ్డ మహారాష్ట్రలోని కొల్హాపూరు కూడా చూసి వద్దామని తమ్ముడు అంటున్నాడు. అది కుదిరే పనేనా?

జవాబు: సాలూరు లారీ

మూడులాంతర్లు గారూ, ముప్పై ఏళ్లు లారీలు తిప్పినవాణ్ని కనుక దారి వరకు నేను చెబుతాను. కుస్తీల సంగతి తెలిసినవారు చెప్పాలి.

మీ ఇంటి నుంచి మైసూరుకు సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. విశాఖపట్నం ఊరిలోకి దిగకుండా ఆనందపురం దగ్గర జాతీయ రహదారి ఎక్కి, పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరే ఆరు వరుసల దారిలో వెళ్లండి. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే చీకటి పడేలోగా ఒంగోలు చేరి, అక్కడ నిద్ర చేయవచ్చు. రెండో రోజు నెల్లూరు, నాయుడుపేట, తిరుపతి, చిత్తూరు, పలమనేరు మీదుగా కోలారు చేరి ఆగండి. మూడో రోజు కోలారులో తెల్లవారకముందే లేచి, వాహనాల రద్దీ మొదలయ్యేలోగా బెంగళూరు దాటడమే ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఎనిమిది దాటాక ఆ ఊళ్లో చిక్కుకుంటే, ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లేంత సమయం ఆ వీధుల్లోనే పోతుంది. బెంగళూరు దాటాక మైసూరుకు 2023 మార్చిలో ప్రారంభమైన కొత్త రహదారి ఉంది. ద్విచక్ర వాహనాలనూ, ఆటోలనూ, ట్రాక్టర్లనూ దాని ప్రధాన వరుసల మీదికి రానివ్వరు కాబట్టి ప్రయాణం సాఫీగా సాగుతుంది.

టోల్‌గేట్లు చాలా తగులుతాయి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఏడాది ఫాస్టాగ్ పాసు ఇస్తున్నారు, మొదలుపెట్టినప్పుడు దాని ధర మూడు వేల రూపాయలు. ఏడాది గానీ, రెండు వందల దాటింపులు గానీ, ఏది ముందు పూర్తయితే అంతవరకు అది చెల్లుతుంది. జాతీయ రహదారుల మీద మాత్రమే పనికివస్తుంది కనుక, బెంగళూరు చుట్టూ ఉన్న నైస్ రోడ్డు ఎక్కితే విడిగా కట్టుకోవాలి.

ఇద్దరు డ్రైవర్లు ఉన్నారన్న ధీమాతో రాత్రంతా నడపాలని చూడవద్దు. రాత్రి రెండు నుంచి ఐదు వరకు ఎంతటి అలవాటు ఉన్నవాడికైనా కన్ను మూతపడుతుంది. వెనక దీపాలు లేకుండా దారి అంచున ఆగిన లారీలు కనిపించవలసిన వేళ కూడా అదే. మా వృత్తివాళ్ల తప్పును నేనే ఒప్పుకుంటున్నాను.

ఇంకొక మాట. మన ప్రాంతానికి తుఫాన్లు వచ్చే కాలం అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఎలా విరుచుకుపడ్డాయో మీకు చెప్పనక్కరలేదు. తిరుగు ప్రయాణంలో ఒక రోజు ఖాళీగా అట్టేపెట్టుకోండి.

జవాబు: గోదాగట్టు (శ్రీకాకుళం)

ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్లు మైసూరులో ఉండి, ఏటా ఆ పందేలు చూసినవాణ్ని కనుక కాస్త వివరంగా రాస్తాను.

మొదట మీ లెక్కలోని ఒక పొరపాటు. మన వైపు నుంచి వెళ్లేవారిలో చాలామంది ఏనుగు అంబారీ ఊరేగింపు చూడాలని చివరి మూడు రోజులకు చేరుకుని, కుస్తీలు ఎక్కడ అని అడుగుతారు. అప్పటికి గోదాలో మన్ను ఆరిపోయి ఉంటుంది. పందేలు సాధారణంగా నవరాత్రుల మొదటి రోజునే మొదలై, ఏడో రోజుకల్లా బిరుదులు ఇవ్వడంతో ముగుస్తాయి. రాజభవనానికి దగ్గరలోనే ఉన్న దొడ్డకెరె మైదానంలో, దేవరాజ అరసు పేరిట కట్టిన క్రీడాప్రాంగణంలో జరుగుతాయి. ఏటా కార్యక్రమ పత్రం వస్తుంది కనుక తేదీలను దానిలో ఒకసారి సరిచూసుకోండి.

అయితే మొదటి రోజుకే చేరాలని పట్టుపట్టవద్దు. నవరాత్రుల ముందురోజు మహాలయ అమావాస్య. మీ మావయ్యగారు పెద్దలకు తర్పణాలు విడిచేవారైతే ఆ రోజు దారిలో ఉండడానికి ఒప్పుకోరు. అమావాస్య ఇంట్లో గడిపి, పాడ్యమి తెల్లవారుజామున బయలుదేరితే, సాలూరు వారి లెక్క ప్రకారం తదియ మధ్యాహ్నానికి మైసూరులో ఉంటారు. ఆ సాయంత్రం నుంచి ఏడో రోజు వరకు ఐదు రోజుల పందేలు మీకు దక్కుతాయి. పోటీలు సాగేకొద్దీ బిగువు పెరుగుతుంది కనుక, మొదటి రెండు రోజులు పోయినందుకు చింతించవలసిన పని లేదు.

అక్కడ రెండు రకాల కుస్తీలు చూస్తారు. ఎర్రమట్టి గోదాలో జరిగేదాన్ని నాడకుస్తీ అంటారు. దసరాకు ముందే ఒకరోజు మల్లులను పిలిచి, వయసునూ బరువునూ అనుభవాన్నీ చూసి, సమవుజ్జీలను ఏర్పరుస్తారు. దాన్ని జోడీ కట్టడం అంటారు. ఇందులో పాయింట్లు ఉండవు. ఎదుటివాడి వీపును మన్నుకు ఆనించాలి, అంతే. మన భాషలో ‘చిత్తు చేయడం’ అనే మాటకు అసలు అర్థం ఆ గోదా గట్టున కూర్చున్నప్పుడే నాకు పూర్తిగా తెలిసింది. ఒకడు బోర్లా పడుకుని మన్నును కరుచుకుని ఉంటే, పైవాడు అతని మొలకట్టు పట్టుకుని తిప్పడానికి నిమిషాల తరబడి పెనుగులాడుతుంటాడు. కొత్తవారికి అక్కడ ఏమీ జరగడం లేదనిపిస్తుంది. మీ మావయ్యగారు పక్కనుంటే మాత్రం, ఏ కాలు ఎక్కడ మెలిపెట్టి ఉందో, ఎవరి ఊపిరి ముందు తగ్గుతోందో మీ అబ్బాయికి చూపించగలరు. మనవడు తాతగారి మాట వినేది అక్కడే.

రెండోది చాప మీద జరిగే కుస్తీ. ఇది ఒలింపిక్ నియమాల ప్రకారం మూడేసి నిమిషాల రెండు విడతలుగా సాగుతుంది. ఫ్రీస్టయిల్‌లో పది పాయింట్ల తేడా వస్తే అక్కడితో ఆపేస్తారు. దసరా కేసరి, దసరా కుమార, ఆడపిల్లలకు దసరా కిశోరి వంటి బిరుదులు ఉన్నాయి. మీ అబ్బాయికి మొదట నచ్చేది ఇదే అని నా అంచనా.

వజ్రముష్టి సంగతి వేరు. విజయదశమి ఉదయం రాజభవనం లోపల, గుండు చేయించుకుని పిలక మాత్రం ఉంచుకున్న జెట్టీలు అనే మల్లయోధులు వేళ్లకు ఆయుధం తొడుక్కుని తలపడతారు. ఒకరి తల మీద మొదటి నెత్తురు చుక్క కనిపించగానే పోరు ఆపేస్తారు. మైసూరు, బెంగళూరు, చామరాజనగర, చన్నపట్నాల జెట్టీలు ఇందులో పాల్గొంటారు. ‘జగజెట్టి’ అని మనం వాడే మాటలో ఉన్నది ఆ జెట్టే. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల గురించి రాస్తూ, వీరిని తెలుగు మల్లయోధుల కులంగానే పేర్కొన్నాడు. ఇంత చెప్పాక నిరాశపరుస్తున్నందుకు మన్నించండి. అది రాజకుటుంబం సొంతంగా జరుపుకునే పూజల్లో భాగం. ప్రవేశం పరిమితం. తొమ్మిదేళ్లలో నేను ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేకపోయాను. దాన్ని నమ్ముకుని మీ ప్రయాణాన్ని పొడిగించుకోవడం మంచిది కాదు.

దానికి బదులుగా ఉదయాలు గరిడీలకు, అంటే కుస్తీ సాధన చేసే వ్యాయామశాలలకు, ఇవ్వండి. మైసూరు పాత పేటల్లో ఇంకా సాధన జరిగే గరిడీలు ఉన్నాయి. తెల్లవారేసరికి మట్టిని తవ్వి గుల్ల చేసి, ఆంజనేయుడికి దండం పెట్టి దిగుతారు. చెప్పులు బయట విడిచి, అక్కడ కుస్తీ నేర్పే వస్తాదు అనుమతి అడిగి ఒక పక్కన కూర్చుంటే కాదనేవారు తక్కువ. పెద్దాయన ఒకనాడు మట్టి తొక్కిన మనిషి అని చెబితే మర్యాద కూడా చేస్తారు. మీ ఇంటి ఆడవారు వెంట వస్తే మాత్రం ముందే కనుక్కోండి. చాలా పాత గరిడీల్లో ఆడవారిని గడప దాటనివ్వరు. అదే ఊళ్లో, మైదానంలో ఆడపిల్లలు బిరుదులు గెలుచుకుంటూ ఉంటే ఈ ఆచారం ఇంకా ఎందుకో నాకు మింగుడుపడదు.

బసను నెలరోజుల ముందే ఖాయం చేసుకుని, రేటును రాతపూర్వకంగా తీసుకోండి. ఒక ఏడు మా చుట్టాల కోసం ఫోనులో మాట్లాడుకున్న లాడ్జివారు, తీరా గుమ్మంలో నిలబడ్డాక రెట్టింపు అడిగారు. పండుగ రాత్రి, చంకలో పసిపిల్ల, ఇచ్చుకోక తప్పలేదు.

జవాబు: నాగావళి ఒడ్డు

పెద్దవారితో ఇంతదూరం కారెందుకు? ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయనగరం నుంచి నేరుగా బెంగళూరులో దిగవచ్చు. కొల్హాపూరును మాత్రం వదలవద్దని నా మాట. శాహూ మహారాజు అక్కడ కట్టించిన ఖాస్‌బాగ్ కుస్తీ మైదానం చూడని కుస్తీ అభిమాని ఉండకూడదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కుస్తీలో కాంస్యం గెలిచిన ఖాశాబా జాధవ్ సాధన చేసింది కూడా ఆ ఊళ్లోనే.

జవాబు: గోదాగట్టు (శ్రీకాకుళం)

నాగావళి ఒడ్డు గారూ, ఖాస్‌బాగ్ మీద మీకున్న భక్తిలో నాకూ భాగం ఉంది. కానీ మైసూరు నుంచి కొల్హాపూరుకు ఆరు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పైగా అక్కడి పల్లె జాతరల కుస్తీలు కోతలు అయ్యాక, చలికాలం నుంచి వేసవి వరకు జోరుగా సాగుతాయి. దసరా రోజుల్లో అంతదూరం వెళ్తే ఖాళీ మైదానాన్ని చూసి, ఫొటో తీసుకుని రావలసి ఉంటుంది. అది జాతరల కాలంలో విడిగా చేయవలసిన ప్రయాణం.

రైలు మంచి సలహాయే. అయితే తెల్లవారుజామున గరిడీకి, సాయంత్రం మైదానానికి, మధ్యలో విశ్రాంతికి బసకు తిరగాలంటే, ఆ వయసు మనిషికి చేతిలో బండి ఉండడం సుఖం.

తిరుగు ప్రయాణం లెక్క కూడా చెప్పేస్తాను. విజయదశమి ఏ వారం పడిందో చూసుకోవాలి. 2025లో అది అక్టోబరు 2, గురువారం, సిరిమాను 7న. ఊరేగింపు చూసి శుక్రవారం బయలుదేరినా ఆదివారానికి ఇంట్లో ఉండవచ్చు. 2024లో అది అక్టోబరు 12, శనివారం, సిరిమాను 15న. ఆదివారం బయలుదేరితే మంగళవారం గానీ చేరరు, తొలేళ్లు పోయినట్టే. దశమి గురువారం దాటి పడిన ఏడాది, బిరుదుల ప్రదానం చూసి ఎనిమిదో రోజునే కదలడం క్షేమం.

మూడులాంతర్లు (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ మావయ్యగారికి చదివి వినిపించాను. వజ్రముష్టి చూడలేమన్నందుకు కాసేపు మౌనంగా ఉన్నారు గానీ, జెట్టీల మాట దగ్గర ఆపించి మళ్లీ చదివించుకున్నారు. అమావాస్య నాడు కదలనని నేను అడగకముందే చెప్పారు. కాబట్టి పాడ్యమి తెల్లవారుజామునే ప్రయాణం, ఎనిమిదో రోజున తిరుగు ప్రయాణం. కొల్హాపూరు మాట ఈసారికి తమ్ముడు విరమించుకున్నాడు. అబ్బాయి ఒకే ఒక షరతు పెట్టాడు: రోజూ ముందు చాప మీది పోటీలు చూశాకే మట్టి దగ్గరికి రావాలట. తాతగారు సరే అన్నారు. సాలూరు వారికి ఒక చిన్న ప్రశ్న: ఒంగోలులో కారు నిలుపుకోవడానికి చోటుండి, మెట్లు ఎక్కే పని లేకుండా కింద అంతస్తులోనే గది దొరికే బసలు ఊరి లోపల వెతకాలా, లేక రహదారి పక్కనే ఉంటాయా?

సాలూరు లారీ

రహదారి పక్కనే చూసుకోండి. ఊరి లోపలికి వెళ్తే పొద్దున ఐదింటికి బండి బయటకు తీయడం కష్టం, ముందు ఇంకెవరి కారో అడ్డంగా ఉంటుంది. కింద గది కావాలని ఫోనులోనే అడిగి పెట్టుకోండి.