వైఫై రెండు బ్యాండ్లకూ ఒకే పేరా, చెరొక పేరా?

మేడగది:
విజయవాడలో మాది రెండంతస్తుల ఇల్లు. 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఫైబర్ కనెక్షన్ ఉంది, రౌటరు కింద హాల్లో టీవీ వెనుక గోడకు బిగించి ఉంది. మేడమీద నేను పని చేసుకునే గదిలో వైఫై వేగం 8 నుంచి 12 వరకే వస్తోంది. రౌటరు సిగ్నల్ పంపే రెండు తరంగ శ్రేణులకు, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకు, చెరొక పేరు పెడితే బాగుపడుతుందని సర్వీసుకు వచ్చిన అబ్బాయి చెప్పాడు. ఒకే పేరు ఉంచితే ఫోనే మంచి బ్యాండును చూసుకుంటుందని మా తమ్ముడు వాదిస్తున్నాడు. మీరేమంటారు?

తీగరాగం:
విడదీయడమే మేలు. 2.4 తరంగాలు గోడలను దాటి దూరం పోతాయి కాబట్టి ఫోనుకు ఆ సిగ్నల్ గీతలే నిండుగా కనబడతాయి, దాంతో కొన్ని పరికరాలు రౌటరుకు ఎదురుగా ఉన్నా ఆ బ్యాండునే పట్టుకుని వేలాడతాయి. గీతలు నిండడం వేరు, వేగం రావడం వేరు. ఆ బ్యాండును విడగొట్టిన దారుల్లో, అంటే ఛానెళ్ళలో, ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 అనే మూడే. ఇళ్ళు ఒత్తుగా ఉన్న వీధిలో అందరి రౌటర్లూ వాటినే పంచుకోవాలి, పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గరే పని చేస్తుంది. పేర్లు వేరైతే ఎంపిక మన చేతిలో ఉంటుంది.

సంచారి:
నేను ఒప్పుకోను. ఇంట్లో మనిషి ఒకచోట కూర్చోడు. ఫోనులో రెండు పేర్లూ భద్రపరిచి ఉన్నా, హాల్లో 5 పట్టుకున్న ఫోను పెరట్లోకి వెళ్ళాక సిగ్నల్ దాదాపు చచ్చేదాకా దాన్ని వదలదు. వీడియో కాల్ మధ్యలో తెగిపోతే పేరు మార్చుకోమని పెద్దవాళ్ళకు ఎవరు చెప్పాలి? ఒకే పేరు ఉంటే కొత్త రౌటర్లు పరికరాన్ని తగిన బ్యాండు వైపు నెట్టే ప్రయత్నమైనా చేస్తాయి. చివరి నిర్ణయం ఫోనుదేనని, కొన్ని ఫోన్లు ఆ సూచనను లెక్కచేయవని మాత్రం అంగీకరిస్తాను.

కొలతబద్ద:
పేర్ల గురించి వాదన జోరుగానే ఉంది గానీ, జబ్బు ఎక్కడుందో ఇంకా ఎవరూ నాడి పట్టి చూడలేదు. మేడగది గారూ, మీరు చూసిన 12 అనేది సెకనుకు 12 మెగాబైట్లయితే, బైటుకు ఎనిమిది బిట్ల చొప్పున అది 96 మెగాబిట్లతో సమానం, మీ కనెక్షన్ నిక్షేపంగా ఉన్నట్టే. కాదంటే, ముందు లాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటరుకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడా తక్కువే వస్తే వైఫైని తప్పుపట్టి లాభం లేదు. అక్కడ సరిగా వస్తే రౌటరును టీవీ వెనుక నుంచి తీసి, మెట్ల దగ్గర ఎత్తుగా పెట్టి చూడండి. ఇనుప ఊచలున్న శ్లాబును దాటడం 5 గిగాహెర్ట్జ్‌కు కష్టం, మెట్ల సందులోంచి పైకి వెళ్ళడం కొంత తేలిక. 2.4లో ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించండి. ఈ పరీక్షలకు పేర్లు వేరుగా ఉండడం అవసరం, లేకపోతే ఏ బ్యాండును కొలిచారో మీకే తెలియదు. ఆ తరువాత కలుపుకుంటారో లేదో మీ ఇష్టం.

మేడగది:
నేను చూసినవి మెగాబిట్లేనండి. కేబుల్ మీద 94 వచ్చింది. రౌటరు పాత చోట ఉండగా 5 గిగాహెర్ట్జ్ పేరు మేడమీద కనబడనే లేదు, అంటే ఇన్నాళ్ళూ అక్కడ నాకు అందింది 2.4 మాత్రమే. మెట్ల దగ్గరకు మార్చాక 5 మీద 38, వెడల్పు తగ్గించిన 2.4 మీద 21 వస్తున్నాయి. ఇక సిగ్నల్‌ను అందుకుని మళ్ళీ పంపే రిపీటరు కొనమంటారా?

తీగరాగం:
ఒకే బ్యాండుతో నడిచే చవక రిపీటరు విన్న మాటనే మళ్ళీ అదే ఛానెల్లో చెప్పాలి కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. మెట్ల వెంట ఒక ల్యాన్ కేబుల్ లాగి, మేడమీద రెండో యాక్సెస్ పాయింట్ (కేబుల్ నుంచి నెట్ తీసుకుని వైఫై ఇచ్చే పరికరం) పెట్టుకోండి.

సంచారి:
అప్పుడైనా కింద, పైన ఒకే పేరు ఉంచకపోతే మెట్లెక్కిన ప్రతిసారీ మొదటి గొడవే మళ్ళీ మొదలవుతుంది.

మేడగది:
కేబుల్‌కు మెట్ల వెంట కొలిస్తే 18 మీటర్లు తేలింది, ఆదివారం లాగిస్తున్నాను. అప్పటిదాకా పేర్లు వేరుగానే ఉంటాయి. అమ్మ ఫోనులో మాత్రం 2.4 ఒక్కటే ఉంచాను, ఆవిడ కాల్స్ అన్నీ పెరట్లోనే మాట్లాడుతుంది.