రెండు నెక్‌ల పెడల్ స్టీల్ గిటార్: ఎడమ పాదం ఇబ్బంది

ప్రశ్న: పాదంతో పెడళ్లు తొక్కి తీగల స్వరాన్ని మార్చే ఈ గిటార్‌లో ఇ9, సి6 అనే వేర్వేరు శ్రుతుల్లో రెండు నెక్‌లు (తీగల వరుసలు) ఉంటాయి. ఎనిమిది పెడళ్లున్న వాద్యంపై ఇ9 నెక్ నుంచి సి6 నెక్‌కు మారి, ఐదు నుంచి ఎనిమిది వరకు ఉన్న పెడళ్లు తొక్కేటప్పుడు నా ఎడమ చీలమండ నొప్పి పెడుతోంది. ఏం సవరించుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు 1: ముందు మీరు కూర్చునే చోటు చూడండి. ఇ9కి సుఖంగా ఉందని మరీ ఎడమకు జరిగి కూర్చుంటే, సి6 పెడళ్లకు కాలు అడ్డంగా చాచవలసి వస్తుంది. స్టూలును కొద్దిగా కుడికి జరిపి, కుడి పాదం కింద ఉండే వాల్యూమ్ పెడల్‌ను ఎనిమిదో పెడల్‌కు తగలనంత దూరంలో ఉంచండి. మోకాళ్లతో నెట్టి స్వరం మార్చే లివర్లు తొడలకు ఒరుసుకోకుండా స్టూలు ఎత్తును కూడా సరిచూడండి.

జవాబు 2: పై సలహా సరైనదే. ఇ9పై కూడా నొప్పి ఉంటే పెడళ్ల వరుసను గమనించండి. పెడల్ స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్ పద్ధతిలో ఇ9 మొదటి మూడు పెడళ్లు ఎడమ నుంచి ఎ, బి, సి అనే వరుసలో ఉంటాయి. మరో వాద్యకారుడు జిమ్మీ డే పద్ధతిలో సి, బి, ఎ. ఎ, బి పెడళ్లను ఒకే పాదంతో కలిపి తొక్కి, ఒకదాన్ని వదలి రెండోదాన్ని నిలపవలసి ఉంటుంది కనుక, మీ చీలమండ ఏ వైపు సులువుగా ఒరుగుతుందో ఆ పద్ధతినే ఎంచుకోవడం మంచిది.

జవాబు 3: పెడళ్లను వాద్యానికి కలిపే రాడ్ల పొడవు మార్చి పెడళ్ల ఎత్తును సవరించవచ్చు. పలుచని అడుగున్న బూట్లు వేసుకుంటే పెడల్ అంచు పాదానికి స్పష్టంగా తెలుస్తుంది.