చందా డబ్బా గుంజుకుంటే అది ‘రెండు పార్టీల లొల్లి’ ఎట్లయితది?

మూసీ_ఒడ్డు:
మా మండల కేంద్రంల అంగడి రోజు పార్టీ చందా డబ్బా పట్టుకొని తిరుగుతున్న ఇద్దరు కార్యకర్తలను అవతలి పార్టీ పిల్లగాండ్లు నలుగురు అడ్డగించి కొట్టిండ్రు. డబ్బా గుంజుకపోయిండ్రు. స్టేషన్‌కు పోతే “ఇది రెండు పార్టీల లొల్లి, పెడితే ఇద్దరి మీదా కేసు పెడతం, లేకుంటే కూసొని మాట్లాడుకోండ్రి” అన్నరట. ఏ పార్టీ అన్నది రాయను, రాస్తే చర్చంతా దాని మీదికే పోతది. చందా అడిగేటోళ్లకు పోలీసులు రక్షణ ఇయ్యాల్నా, అంగట్ల చందాలే బంద్ పెట్టాల్నా?

పాలమూరు_కిరాణం:
బంద్ పెట్టాలె. గణేశ్ చందా, దసరా చందా, మీద నుంచి ఈ సభ, ఆ మహాసభ. వంద ఇస్తే మొఖం మాడ్చుకుంటరు. ఇయ్యకుంటే “నీ దుకాణం ముందట రేకు ఎంత దూరం వచ్చిందో చూద్దాం” అన్నోళ్లు కూడా ఉన్నరు. కొట్టుడు తప్పే, కాదంటలేను. మరి మాకు రక్షణ ఎవలిస్తరు?

దేవరకొండ_వకీలు:
కిరాణం అన్నా, నువ్వు చెప్పినదానికి చట్టం ఉంది. బెదిరించి పైసలు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 308, బలవంతపు వసూలు. ఏడేళ్ల దాకా శిక్ష. పోయి ఫిర్యాదు ఇయ్యి. కానీ అడగడం వేరు, బెదిరించడం వేరు. ఎవరో బెదిరించారని ఇంకెవరో అడుక్కునేవాళ్లను కొడితే ఊరుకోమంటావా?

ఇక మూసీ తమ్ముడి కేసు. అసలు కిటుకంతా ఏ సెక్షన్ రాస్తారన్న దగ్గరే ఉంది. ఉత్త కొట్లాట అని 115(2) ఒక్కటే రాస్తే అది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ ఆర్డర్ లేనిదే దర్యాప్తు చెయ్యడానికి లేదు, కాబట్టి జీడీలో, అంటే స్టేషన్ డైరీలో, ఒక ముక్క రాసి పంపిస్తారు. నాలుగు నెలలకు లోక్ అదాలత్‌లో రాజీ, అందరూ చాయ్ తాగి ఇంటికి. అదే డబ్బా గుంజుకోవడానికే కొట్టారని రాస్తే 309, దోపిడీ. పదేళ్ల దాకా శిక్ష, నాన్ బెయిలబుల్, రాజీకి వీల్లేదు. డబ్బాలో ముప్పై రూపాయలున్నా అంతే. ఐదో మనిషి ఉంటే 310, అంటే బందిపోటు దోపిడీ! అందుకే కావొచ్చు, మన దగ్గర ఎఫ్ఐఆర్‌లలో ఐదో మనిషి తొందరగా కనపడడు.

కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండానే పోలీసులు దర్యాప్తు చెయ్యగలిగే నేరం, కనపడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. “మీరూ పార్టీయే, వాళ్లూ పార్టీయే” అన్నది చట్టంలో ఎక్కడా లేని మినహాయింపు.

రిటైర్డ్_హెడ్డు:
వకీలు సాబ్ మాటలు కోర్టుల బాగుంటయి. స్టేషన్ల సంగతి నేను చెప్త. అంగడి నాడు ఇద్దరు కానిస్టేబుళ్లు ట్రాఫిక్‌కే చాలరు, చందా డబ్బాకు ఒకణ్ని ఇయ్యమంటే యాడికెళ్లి తెస్తరు? ఇంకోటి, ఎఫ్ఐఆర్ కట్టకముందే ఎస్సైకి రెండు దిక్కులనుంచి ఫోన్లు వస్తయి. ఇద్దరి మీదా కేసు రాస్తే ఇద్దరూ చల్లబడతరు, ఊరు చల్లబడతది. అది న్యాయం అంటలేను, జరిగేది చెప్తున్న. అసలు 30 యాక్ట్ ఉన్నప్పుడు పర్మిషన్ లేకుండ తిరుగుడేంది?

దేవరకొండ_వకీలు:
హెడ్డు గారూ, పోలీసు చట్టం 30 సభలకూ ఊరేగింపులకూ. ఇద్దరు మనుషులు డబ్బా పట్టుకొని నడిస్తే ఊరేగింపు ఎట్లయితది? ఊరు చల్లబడాలంటే బైండోవర్ ఉంది కదా. కొట్టిన నలుగురిని తహసీల్దార్ ముందు నిలబెట్టి పూచీకత్తు రాయించుకుంటే వచ్చే అంగడికి చెయ్యి లేవదు. ఎన్నికలప్పుడు పాత కేసులున్నోళ్లందరినీ లైన్ కట్టించి చేస్తరు కదా, ఇప్పుడెందుకు యాదికి రాదు? దానికి అదనంగా ఒక్క కానిస్టేబుల్ కూడా అక్కర్లేదు. దెబ్బలు తిన్నోళ్ల మీద కౌంటర్ కేసు రాసి తెచ్చే శాంతి ఎవరికి లాభం? వచ్చే అంగడికి డబ్బా పట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు, కొట్టినోళ్లకు కావాల్సింది కూడా అదే.

నకిరేకల్_పోరడు:
పెద్ద పార్టీలకు ఈ తిప్పలే లేదన్నా. 2024 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు కొట్టేసేదాకా పేరు చెప్పకుండ బ్యాంకుల ఎన్నికల బాండ్లు కొనిచ్చుకున్నరు. వాటిని గుంజుకపోయిన పోరడు ఒక్కడు లేడు. జోలె పట్టినోడే దొరుకుతడు తన్నుటానికి. కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని 1952ల పార్లమెంటుకు పంపిన నల్లగొండల డబ్బా పట్టుకుంటే గుండాగిరీ అంటుండ్రు!

పాలమూరు_కిరాణం:
చరిత్ర చెప్పకు తమ్మీ, రసీదు చూపియ్యి. రెండు వేలు దాటి నగదు తీసుకుంటే పార్టీకి పన్ను మినహాయింపు పోతదని మా ఆడిటర్ చెప్పిండు. రసీదు బుక్కు, మెడల కార్డు లేకుండ వస్తే ఏ పార్టీ మనిషో, దొంగనో నాకెట్ల ఎరుక? గవి ఉంటే అడిగినా బాధ లేదు. కొట్టినోని మీద సాక్షిగ నేనే వస్త.

మూసీ_ఒడ్డు:
మావోళ్ల దగ్గర రసీదు బుక్కు ఉండె, అది గూడ డబ్బాతోనే పోయింది. వకీలన్నా, ఎస్సై దరఖాస్తు తీసుకోకపోతే?

దేవరకొండ_వకీలు:
రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి పంపు, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్. దరఖాస్తులో “కొట్టిండ్రు” అని మొదలుపెట్టకు, “డబ్బా గుంజుకోవడానికి కొట్టిండ్రు” అని రాయి. రసీదు బుక్కు పోయిన సంగతి కూడా అందులోనే రాయి. పక్క దుకాణంలో కెమెరా ఉందా?

మూసీ_ఒడ్డు:
ఎదురుంగ ఎరువుల దుకాణానికి ఉన్నది. ఆయన ఇస్తడో లేదో.

రిటైర్డ్_హెడ్డు:
నువ్వు అడిగితే ఇయ్యడు, భయపడతడు. ఫలానా కెమెరాల ఉందని దరఖాస్తులనే రాయి, అప్పుడు తీసుకునుడు స్టేషన్ పని అయితది. తొందరగ చెయ్యి, ఆ కెమెరా రికార్డింగ్ డబ్బా నిండితే పాతది అదే చెరిపేసుకుంటది.