అప్‌డేట్: ఫార్ములా లాగితే రేట్లు తప్పు రావడం – పరిష్కారం దొరికింది

పలాస జీడిపప్పు రేట్ల ఎక్సెల్ షీట్ గురించి ఇక్కడ అడిగింది నేనే. బి కాలమ్‌లో గ్రేడ్‌ వారీగా కిలో ధర, 3వ వరుసలో ఊరి వారీగా రవాణా ఖర్చు ఉన్నాయి. రెండూ కూడే ఫార్ములా సి4లో బాగానే ఉండేది, మిగతా సెల్స్‌లోకి కాపీ అయ్యేలా కిందకీ పక్కకీ లాగితే పిచ్చి అంకెలు వచ్చేవి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది మిక్స్‌డ్ రిఫరెన్స్, అంటే సెల్ పేరులో కాలమ్, వరుసల్లో ఒక్కదాన్నే ముందు డాలర్ గుర్తు పెట్టి లాక్ చేయడం: =$బి4+సి$3. ధరకి కాలమ్ కదలకూడదు, వరుస మారాలి. అందుకే డాలర్ బి ముందు. రవాణాకి దీనికి రివర్స్, డాలర్ 3 ముందు. ఒకరు చెప్పినట్టు $బి$4, $సి$3 అని పూర్తిగా లాక్ చేస్తే టేబుల్ నిండా ఒకే అంకె వచ్చింది. పెద్ద సైజు పప్పు గ్రేడ్ డబ్ల్యూ 180కీ ముక్కపప్పుకీ ఒకే రేటు! నాన్నగారు చూసి, "ఈ ధరకి ముక్క ఎవడు కొంటాడురా?" అన్నారు.

కాలిక్యులేషన్ ఆటోమేటిక్‌లో ఉందా, సెల్ టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉందా అని కొందరు అడిగినవి నా విషయంలో కారణాలు కావు. రెండూ సరిగ్గానే ఉన్నాయి.

డాలర్లు టైప్ చేయక్కర్లేదు. ఎక్సెల్‌లో ఫార్ములా రాస్తూ కర్సర్ సి3 దగ్గర ఉంచి ఎఫ్4 కీ నొక్కుతూ పోతే $సి$3, సి$3, $సి3, మళ్లీ సి3 వస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ (Fn) కీ కూడా కలిపి నొక్కాలి.

లాగాక చివరి సెల్ మీద డబుల్ క్లిక్ చేసి చూడండి. నా చివరి సెల్ ఎఫ్9లో $బి9+ఎఫ్$3 అని కనిపించాకే టెన్షన్ తగ్గింది.