ఈ వారం సమస్య (ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి): గుడికి ముందర టేకాఫు కొట్టె జోడు

నిర్వాహకుడు: ఇంగ్లిష్‌లో టేకాఫ్ అంటే విమానం లేవడం ఒక్కటే కాదు. విప్పడం, ఉడాయించడం, ధర తగ్గించడం, ఒకరిని అనుకరించడం, అన్నీ అదే. ఏది పట్టుకుంటారో మీ ఇష్టం.

రాజోలు మాస్టారు: అంతర్వేది తీర్థం మీద.

కొత్త జోడని మురిసితి; కోనసీమ
యంతటను మెచ్చు నరసింహు నరయ బోతి;
తిరిగి వచ్చితి, మెట్టుపై తేలె దుమ్ము;
గుడికి ముందర టేకాఫు కొట్టె జోడు.

మండపేట: 'తేలె దుమ్ము' బాగుంది, రన్‌వే కనిపించింది. విప్పడం అనే అర్థం జోలికి పోకపోవడం తెలివే. విప్పేవాడు వేరే ఉండాలి, ఇక్కడ కర్త జోడు. ఇక నాది, మధురపూడి విమానాశ్రయం దారిలో:

తాళి కట్టెను పెద్దలు దిగులు పడగ,
మధురపూడికిఁ గారెక్కి మరలిచూడ
కుండ, వరుడును వధువును గూడి పోవ
గుడికి ముందర టేకాఫు కొట్టె జోడు.

రాజోలు మాస్టారు: ఆయ్, జోడును జంట చేశారు, సంతోషం. కానీ మొదటి పాదంలో యతికి, అంటే పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరం కలవాలన్న నియమానికి, 'తా'కు 'ది' ఎలా పడుతుందండీ? 'దిగులు పడగ' బదులు 'తల్లడిల్ల' అంటే యతీ నిలిచేది, పెద్దల బాధా తెలిసేది. ఇంతకుముందు 'మేకప్పు' మాటతో సమస్య ఇచ్చినప్పుడూ మీది ఇదే తొందర.

మండపేట: మేకప్పులో తప్పేముంది మాస్టారూ? మేక, అప్పు కలిపితే మేకప్పే కదా!

ద్రాక్షారామ: సంధి సరే. అది మేక తీసుకున్న అప్పా, మేకను తాకట్టు పెట్టి తెచ్చిన అప్పా? ఇప్పటికీ తేలలేదు. మాధవపట్నం తోలుబొమ్మలను, వాటిలో నవ్వించే బంగారక్కను, కేతిగాణ్ణి తలచుకుని రాసిన నా పూరణ చూడండి:

తెరను దీపము వెలుగంగఁ దెల్లవార్లు
తోలుబొమ్మ బంగారక్క తోడఁ గేతి
గాడు మునసబు నడకలో గర్వమెల్ల
గుడికి ముందర టేకాఫు కొట్టె జోడు.

నిర్వాహకుడు: అనుకరణ! నేను ఎదురుచూసింది ఇదే. 1903లో రైట్ సోదరులు ఎగరక ముందు నుంచే ఆ మాటకు ఈ అర్థం ఉంది. పేరు రెండు పాదాల మధ్య విరిగినా ధార ఆగలేదు. ఈ వారం నా ఓటు దీనికే.

మండపేట: తోలుబొమ్మలాటలో బంగారక్క జోడు ఆమె మొగుడు జుట్టుపోలిగాడండీ. కేతిగాడు ఎలా అవుతాడు?

ద్రాక్షారామ: జోడంటే మొగుడూ పెళ్లామే కావాలా? తెర మీద పక్కపక్కన ఆడితే జోడే.

రాజోలు మాస్టారు: ఒప్పుకుంటాను. ఆ మేకప్పు పద్యం ఎవరైనా దాచి ఉంటే పెట్టండి. మూడో పాదంలో గణం, అంటే గురులఘువుల కొలత, తప్పిందని నాకు ఇంకా అనుమానమే.